సక్రి మూడెకరాలు

కల్లూరు దాటి ఏన్కూరు వైపు అడవి మొదలయ్యే చోట ఒక తండా ఉంది. తండాకు ఎగువన, గుట్ట వాలులో, మూడెకరాల మిరపచేను. చుట్టూ నడుమెత్తు రాళ్లకట్ట, ఓ మూలకు బావి. ఆ కట్టలోని ప్రతి రాయీ ఒకప్పుడు ఆ చేలోనే ఉండేదని, వాటిని తవ్వి, మోసి, అక్కడ పేర్చింది ఇద్దరే మనుషులని చెప్తే కొత్తవాళ్లు ఒక పట్టాన నమ్మరు. ఆ ఇద్దరిలో ఒకరు బిచ్యా. రెండో మనిషి అతని బిడ్డ సక్రి.

బిచ్యా వయసులో ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్లు వెంకటప్పయ్య అనే రైతు దగ్గర పాలేరుగా చేశాడు. వెంకటప్పయ్యది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. వ్యాపారం పెట్టుకుని ఖమ్మం వెళ్లిపోతూ ఆయన ఆరెకరాలు బిచ్యాకే అమ్మి రిజిస్టరు చేయించాడు. కింది మూడెకరాలు నల్లరేగడి. పైది గుట్ట.

"పైదాన్ని లెక్కలో వేసుకోకు బిచ్యా. గొర్రెలు కూడా మేయవు అక్కడ" అన్నాడు వెంకటప్పయ్య.

బిచ్యా కూడా లెక్కలో వేసుకోలేదు, సక్రి తిరిగి వచ్చేదాకా.

సక్రికి ఇరవై మూడేళ్లప్పుడు మొగుడు పిడుగు పడి పోయాడు. రెండేళ్ల సోనిని చంకనేసుకుని పుట్టిన తండాకు వచ్చింది. తల్లి అంతకుముందే పోయింది. అన్న తుల్సీరాంకు ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం దొరికి సత్తుపల్లిలో కాపురం పెట్టాడు. వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే బిచ్యా లేచి చూస్తే బిడ్డ ఇంట్లో లేదు. గుట్ట మీద గునపం చప్పుడు వినిపించి అటు నడిచాడు.

"ఏం చేస్తున్నవే?"

"ఊకె కూసోని తినబుద్ధి అయితలేదు నాయినా. ఈ రాళ్లన్న తీస్త."

"ఇయ్యి తీస్తే వొడుస్తయా?"

"వొడవకపోతె మళ్ల తీస్త."

బిచ్యా ఇంటికెళ్లి రెండో గునపం తెచ్చుకున్నాడు.

నాలుగు ఎండాకాలాలు పట్టింది. సోనిని చెట్టుకింద గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి ఇద్దరూ రాళ్లు తీసేవాళ్లు. మొదటి ఏడు కట్ట మోకాలెత్తు లేచింది. రెండో ఏడు బావి మొదలుపెట్టారు. ఇరవై అడుగుల్లో బండ తగిలింది. తండాలో వాళ్లు నవ్వారు. మూడో ఏడు బండను పగలగొట్టించి కిందికి దిగారు. నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం, బావిలో ఉన్న సక్రి పాదాల కింద మట్టి చల్లగా తగిలింది. వంగి చేత్తో తీసి చూసింది. బురద. పైకి చూసి అరిచిన అరుపుకు పైనున్న బిచ్యా బిడ్డకు ఏమయిందోనని భయపడి తట్టను చేతిలోంచి వదిలేశాడు. తరువాత చాలా ఏళ్లు ఆ సంగతి చెప్పుకుని ఆయన నవ్వేవాడు. "నీళ్లు పడ్డయని గాదు, నా బిడ్డ గొంతు గంత పెద్దదని ఆనాడే ఎరికయింది" అనేవాడు.

మొదట కంది వేశారు. తరువాత మిరప. ఆ రాళ్లనేల మిరపకు బాగా నప్పింది. సోనిని సక్రి ఆ చేను మీదే చదివించింది. సోని ఇప్పుడు కొత్తగూడెంలో ఒక దవాఖానాలో స్టాఫ్ నర్సు.

తండాలో ఆడపిల్లలకు భూమి ఇచ్చే ఆనవాయితీ లేదు. తండ్రి పోతే కొడుకు పేరు ఎక్కుతుంది, అంతే. బిచ్యాకు ఇది తెలుసు. అందుకే 2009లో, ఒంట్లో బాగున్నప్పుడే, ఒక శనివారం కల్లూరు వెళ్లి దస్తావేజులు రాసే ఆయన దగ్గర కూర్చుని వీలునామా రాయించాడు. కింది మూడెకరాలు కొడుకు తుల్సీరాంకు, పైన మూడెకరాలు బిడ్డ సక్రికి. సాక్షి సంతకాలకు తండా పెద్దమనిషి చందూలాల్‌ను వెంట తీసుకెళ్లాడు. రెండో సాక్షిగా వస్తానన్న మనిషి రాలేదు. అదే సమయానికి సంతకు వచ్చిన గోరి రోడ్డు మీద కనిపించింది. గోరి ఎవరో కాదు, బిచ్యాకు వియ్యపురాలు, తుల్సీరాం భార్యకు కన్నతల్లి.

"ఆడమనిషి వేలిముద్ర నడుస్తదా?" అని అడిగాడు చందూలాల్.

"ఎందుకు నడవదు? మనిషైతే చాలు" అన్నాడు రాసే ఆయన.

ముగ్గురూ వేలిముద్రలు వేశారు. రిజిస్టరు చేయించుకుంటే మంచిదని రాసే ఆయన చెప్పాడు గానీ ఆ రోజు రెండో శనివారం, ఆఫీసు లేదు. మళ్లీ వద్దామనుకున్నారు. ఇంటికొచ్చాక మిరప కోతలు, తరువాత బిచ్యాకు కాలు బెణకడం, ఆ తరువాత మరొకటి. కాగితం సక్రి ఇనప్పెట్టెలో, చీరెల అడుగున చేరింది.

2013లో బిచ్యా పోయాడు. పదకొండో రోజు సక్రి పెట్టె తెరిచి కాగితం తెచ్చి అన్న చేతిలో పెట్టింది. తుల్సీరాం చదివి, మడతపెట్టి, తిరిగి ఇచ్చేశాడు.

"దీన్ని పట్టుకోని ఆఫీసుల పొంటి తిరుగుడెందుకు? నీ చేను నువ్వు చేస్కో. నేనేమన్న కాదంటినా?"

అన్న మాట కంటే కాగితం ఎక్కువా అనుకుంది సక్రి. కాగితం మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. 2018లో కొత్త పాస్‌బుక్కులు ఇచ్చినప్పుడు ఆరెకరాలూ తుల్సీరాం పేరు మీదే ఎక్కాయి. వారసుణ్ణి తానొక్కణ్ణేనని రాసిచ్చాడు. తండాలో అందరూ చేసే పనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. సక్రి అడిగితే, "పేరే కద, ఏం పోతది" అన్నాడు.

ఏం పోతుందో మూడేళ్లకు తెలిసింది. మిరప కోతల కాలంలో ఒక పొద్దున సక్రి కూలీలతో చేలో ఉండగా కట్ట అవతల కారు ఆగింది. తుల్సీరాం కొడుకు రవికుమార్, ఒక సర్వేయరు, తెల్లచొక్కా వేసుకున్న ఇంకొకాయన దిగారు. రవికుమార్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది మానేసి, ఖమ్మంలో సొంతంగా ఏదో మొదలుపెడుతున్నాడు. సర్వేయరు చేలోకి దిగి, కాయల మీదుగా నడుస్తూ కొలత మొదలుపెట్టాడు.

సక్రి నెత్తి మీది గంప దించి ఎదురెళ్లింది.

"ఏందిది రవీ?"

"కొలుస్తున్రు అత్తా. ఈ సారు కొంటాండు."

"ఏం కొంటాండు?"

రవికుమార్ తెల్లచొక్కా ఆయన వైపు చూశాడు. ఆయన సక్రిని పైకీ కిందికీ చూసి, "కౌలుకు చేస్తుందా ఈమె?" అని అడిగాడు.

ఆ మాట సక్రికి ఎంత లోతుగా దిగిందంటే, ఇప్పటికీ ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు ఆమె అక్కడికి వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. రవికుమార్ "కాదు" అనలేదు. ఆమె ఎదురుచూసింది.

"సారూ, ఈ బావి తొవ్వింది నేను. ఈ కట్ట పెట్టింది నేను. ఇది నాకు మా నాయిన రాసిచ్చిండు. చెట్లు తొక్కకుండ బయటికి నడువుండ్రి" అంది సక్రి. గొంతు పెద్దది కావడంతో తండాదాకా వినిపించింది. తెల్లచొక్కా ఆయనకు గొడవ భూమి అని అర్థమై కారెక్కాడు.

ఆ ఆదివారం తండాలో పంచాయతీ పెట్టారు. తుల్సీరాం సత్తుపల్లి నుంచి వచ్చాడు. చెల్లెలి ముఖం చూడలేదు. తండాకు పెద్దయిన నాయక్ బలరాం, వయసులో సక్రి కంటే చిన్నవాడు, తీర్పు చెప్పాడు.

"ఆడబిడ్డకు భూమి ఇచ్చుడు మనల లేదు. ఐనా సక్రి కష్టపడ్డది. బావి కాడ అద్దెకరం ఆమెకు ఇడిసిపెట్టుండ్రి. దయతోటి."

అరెకరం పోతే పోనీ అన్నట్టు తుల్సీరాం తలూపాడు. అందరూ సక్రి వైపు చూశారు. ఆమె లేచి చెంగు నడుముకు చుట్టుకుంది.

"నాకు దయ వద్దు. అద్దెకరం గాదు, ఆరెకరాలు ఇచ్చినా దయతోటి ఇస్తే వద్దు. మా నాయిన రాసింది ఎంతో అంతే కావాలె. గుంట ఎక్కువ వద్దు, గుంట తక్కువ వద్దు."

అని ఇంటికి నడిచింది. మర్నాడు పెట్టె తెరిచి కాగితం తీసి, సత్తుపల్లి బస్సెక్కింది.

వకీలు పేరు పద్మప్రియ. ముప్పై అయిదేళ్లుంటాయి. కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసింది.

"పన్నెండేళ్లు పెట్టెలో పెట్టుకుని కూర్చున్నావా అమ్మా! మీ నాన్న పోయిన నెలలోనే దీన్ని బయటపెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడు కోర్టులో దావా వేసి ఇది నిజమైన వీలునామా అని రుజువు చెయ్యాలి."

"ఆడపిల్లకు గూడ హక్కుందని అంటున్నరు కద మేడం, చట్టంల?"

"ఆ చట్టం గిరిజనులకు నేరుగా వర్తించదు. మీకు ఆచారం ప్రకారం అంటారు. ఆచారం మీ అన్న వైపుంది. నీకున్న ఆధారం ఈ కాగితం ఒక్కటే. భూమి మీ నాన్న స్వార్జితం కాబట్టి ఇష్టమొచ్చినవాళ్లకు రాసుకోవచ్చు. అయితే సాక్షి సంతకం పెట్టినవాళ్లలో ఒక్కరైనా వచ్చి, మా కళ్లముందే బిచ్యా వేలిముద్ర వేశాడని చెప్పాలి. ఎవరున్నారు?"

చందూలాల్ పోయి అయిదేళ్లు. రాసిన ఆయన కూడా లేడు. మిగిలింది గోరి.

"ఈ గోరి ఎవరు?"

"మా అన్నకు అత్త."

పద్మప్రియ కుర్చీలో వెనక్కి వాలింది. "మీ నాన్న సాక్షిని భలే ఎంచుకున్నాడమ్మా" అంది.

దావా వేశారు. అమ్మకం జరగకుండా కోర్టు ఆపింది. తండాలో మాత్రం సక్రికి గడ్డురోజులు మొదలయ్యాయి. కూలికి రమ్మంటే తండావాళ్లు మొహం తిప్పుకున్నారు. ఏన్కూరు నుంచి ఆటోలో కూలీలను తెచ్చుకుంది. ఆ ఏడు తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ నారు పోసే పిల్లలు ఆమె గుమ్మం ముందునుంచే పాడుకుంటూ పోయారు, లోపలికి రాలేదు. సక్రి గడపలో కూర్చుని, ఆ పాటకే పెదాలు కదుపుతూ కాయలు గిల్లింది. సోని ఫోన్ చేసి "అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్. ఈ లొల్లి ఎందుకు?" అంటే, "వస్తే ఓడినట్టు కాదు బిడ్డా, ఆ బావి తొవ్వనట్టే అయితది" అంది. సోని మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి తల్లితో పాటు చేలో దిగింది.

గోరి అప్పటికి చిన్నకొడుకు దగ్గర, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఊళ్లో ఉంటోంది. సక్రి రెండు బస్సులు మారి, ఒక ఆటో ఎక్కి, చివరి రెండు మైళ్లు టేకుచెట్ల మధ్య నడిచి వెళ్లింది. గోరికి ఎనభై దగ్గర పడ్డాయి. అద్దాల రవిక, చేతినిండా గాజులు, వేషం మాత్రం మారలేదు. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"యాడీ" అని పిలిచింది సక్రి. తండాలో తల్లినీ తల్లిలాంటి వాళ్లనూ అలాగే పిలుస్తారు.

గోరి తలెత్తి చూసింది. "వస్తవనుకున్న. నా బిడ్డ నిన్ననే వచ్చి పోయింది."

"ఏమన్నది?"

"నాకేం యాదికి లేదని చెప్పమన్నది. ముసల్దానివి, ఎవరన్న నమ్ముతరు అన్నది. ఏడ్సింది." గోరి ఒక గింజ తీసి పక్కన వేసింది. "నువ్వేం చెప్పమంటవు?"

దారి పొడుగునా సక్రి చాలా మాటలు కూడబెట్టుకుంది. తన కష్టం, సోని చిన్నతనం, బావి, బండ. గోరి ముందు కూర్చున్నాక అవన్నీ అడుక్కుంటున్నట్టు అనిపించాయి.

"నేనేం చెప్పమన యాడీ. కోర్టు పిలుస్తది. పిలిస్తే రా. నీకు యాదికున్నది చెప్పు. యాదికి లేకపోతే లేదని చెప్పు. అంతే."

"నన్ను ఇంకేం అడుగవా?"

"అడుగను."

గోరి ఆమెను అన్నం తినమంది. తిన్నాక, "మిరప ఏం రకం ఏసినవు ఈసారి?" అని అడిగింది. పురుగు గురించీ వాన గురించీ మాట్లాడుకున్నారు. సాక్ష్యం మాట మళ్లీ రాలేదు. వస్తానని గోరి అనలేదు, రానని కూడా అనలేదు.

వాయిదాల మీద వాయిదాలు పడి, 2023 వేసవిలో గోరికి పిలుపు వచ్చింది. ఆ రోజు సక్రి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సోనితో నిలబడి ఉంది. పదిన్నరకు ఒక కారు వచ్చింది. రవికుమార్ నడుపుతున్నాడు. వెనక సీటులోంచి తుల్సీరాం భార్య దిగి, తల్లి చెయ్యి పట్టుకుని దింపింది.

పక్కనున్న పద్మప్రియ మెల్లగా, "వాళ్ల కారులోనే వచ్చింది" అంది. గోరి సక్రి ముందునుంచే నడిచి వెళ్లింది, చూడకుండా.

బోనులో నిలబడలేదని కుర్చీ వేయించారు. ప్రమాణం చేయించాక పద్మప్రియ కాగితాన్ని ఆమె ముందు పెట్టింది.

"ఈ వేలిముద్ర ఎవరిదమ్మా?"

గోరి కాగితం మీదికి వంగింది. చదువు రాదు, అయినా చాలాసేపు చూసింది. తరువాత తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది.

"నాది."

"ఎక్కడ వేశారు?"

"కల్లూరుల. సంత రోజు. బిచ్యా నన్ను పిల్చిండు. మొదలు ఆయన ఏసిండు, నేను చూసిన. ఎనక చందూలాల్ ఏసిండు. ఎనక నేను."

తుల్సీరాం తలవంచుకున్నాడు. అతని వకీలు లేచాడు.

"మీకు చదువొచ్చా?"

"రాదు."

"మరి అందులో ఏం రాసుందో మీకెట్ల తెలుసు?"

"ఆ సారు చదివి ఇనిపించిండు. నాకు చదువు రాదు గని చెవులున్నయ్ కద బాబూ."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. వకీలు వదల్లేదు.

"ఈ వీలునామా చెల్లితే నష్టపోయేది మీ సొంత కూతురు. ఆ సంగతి తెలుసా?"

గోరి మొదటిసారి కూతురి వైపు చూసింది. తల్లీబిడ్డల కళ్లు కలిశాయి. ఆమె గొంతు కొంచెం తగ్గింది గానీ ఆగలేదు.

"నా బిడ్డకు కింది మూడెకరాలు ఇచ్చిండు బిచ్యా. మంచి నేల అది. రాళ్లది సక్రికి ఇచ్చిండు. నా బిడ్డకు ఆయన తక్కువ చెయ్యలె. నేనిప్పుడు అబద్ధమాడితే నా బిడ్డకు ఎక్కువయితది గని, నేను తక్కువయిత."

జడ్జి రాసుకోవడం ఆపి ఆమెను చూశాడు. ఇంకేమైనా అడగాలా అని వకీలును అడిగాడు. అతను లేదన్నాడు.

బయటికి వచ్చాక కారు దగ్గర కూతురు ఎక్కమని అనలేదు, తలుపు మూసేసుకుంది. కారు వెళ్లిపోయింది. గోరి వరండా మెట్ల మీద కర్ర పట్టుకుని నిలబడింది. సక్రి వెళ్లి ఆమె పాదాలు ముట్టుకుంది.

"నీకోసం చెప్పలె" అంది గోరి, కొంచెం కోపంగానే.

"ఎరుకే యాడీ. బస్టాండు దాక నడుస్తవా, ఆటో తేవాల్నా?"

"నడుస్త."

ముగ్గురు ఆడవాళ్లు సత్తుపల్లి ఎండలో నడిచి వెళ్లారు. ముందు గోరి, వెనక సక్రి, సోని. ఆ నడక గుర్తొస్తే సక్రికి ఇప్పటికీ గుండె నిండుతుంది. తీర్పు వచ్చిన రోజు కంటే ఆ రోజే తాను గెలిచానని ఆమె అంటుంది.

తీర్పు మరుసటి ఏడు వచ్చింది. వీలునామా చెల్లుతుందని, పై మూడెకరాలు సక్రివేనని. పై కోర్టుకు పోతామని రవికుమార్ అన్నాడు గానీ తుల్సీరాం వద్దన్నాడని తండాలో చెప్పుకున్నారు. మండల ఆఫీసులో పేరు మార్చేటప్పుడు కంప్యూటరు ముందున్న అమ్మాయి, "భర్త పేరు చెప్పండి" అంది.

"నాయిన పేరు రాసుకో బిడ్డా. బిచ్యా."

ఆ అమ్మాయి అలాగే టైపు కొట్టింది. పాస్‌బుక్ చేతికొచ్చిన మరునాడే సక్రి సోనిని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి మూడెకరాలు బిడ్డకు రాస్తూ తన వీలునామా రిజిస్టరు చేయించింది. "రెండో శనివారం కాదు కద ఇయ్యాల?" అని ముందురోజే మూడుసార్లు అడిగి తెలుసుకుంది. ఆ తరువాత తండాలో ఇద్దరు ముసలివాళ్లు తమ కాగితాలు తెచ్చి, చదివించుకోవడానికి సోని కోసం ఎదురుచూశారు. వాళ్లలో ఒకడు, దయతో అద్దెకరం ఇవ్వమన్న నాయక్ బలరాం తండ్రి.

గోరి ఇప్పుడు మిరప కాలమంతా సక్రి ఇంట్లోనే ఉంటుంది. కూతురు ఇంకా మాట్లాడటం లేదు. ఆ బాధ గోరికి ఉంది. సక్రి ఆ మాట కదపదు.

పోయిన ఎండాకాలం కింది చేలో బోరు ఎండిపోయింది. రిటైరై తండాకు వచ్చేసిన తుల్సీరాం అక్కడ మొక్కజొన్న వేశాడు. కంకి పట్టే సమయం. ఒక సాయంత్రం రవికుమార్ కట్ట అవతల నిలబడి, "అత్తా, బావిల నుంచి నాలుగు తడులకు నీళ్లిస్తవా?" అని అడిగాడు.

"చేను ఎవరిది?"

"నాయినది."

"మీ నాయినను రమ్మను."

మర్నాడు పొద్దున తుల్సీరాం వచ్చాడు. కట్ట బయటే ఆగాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. లోపలికి రావాలంటే చెల్లెలు రమ్మనాలని అతనికి తెలుసు. సక్రి మోటారు గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ మొక్కజొన్న వైపు చూశారు.

"ఎండుతాంది" అన్నాడు తుల్సీరాం.

"కనపడుతనే ఉంది. లోపలికి రా. పైపు నువ్వే ఏసుకోవాలె, మోటరు నేనేస్త."

అతను కట్ట దాటి లోపలికి వచ్చాడు. మన్నించమనే మాట అతని నోట రాలేదు, సక్రి దానికోసం చూడనూ లేదు. మధ్యాహ్నానికి పైపు కింది చేనుదాకా చేరి నీళ్లు పారాయి. అటుగా బండి మీద పోతున్న పురుగుమందుల కంపెనీ కుర్రాడొకడు ఆగి, పైనున్న మిరపను చూసి, "బాగుంది తోట. ఎవరిది పెద్దాయనా?" అని అడిగాడు.

తుల్సీరాం పారతో గట్టు సర్దుతూ తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"మా చెల్లెది."

పైన మోటారు గది దగ్గరున్న సక్రికి ఆ మాట వినిపించింది.